ఇంటివైపు కొస

నేను ఒక చలిపుల్లను. పుస్తకాల్లో నా పేరు కనిష్ఠ ఉష్ణోగ్రతామాపకం అని ఉంటుందట. ఈ కొండ మీది ఊరు పనసగరువులో అంత పేరు పలికే తీరిక ఎవరికీ లేదు, చలిపుల్ల అనేశారు. ఇప్పుడు నా బుడ్డి ఆకాశం వైపు ఉంది, రెండో చివర నేల వైపు ఉంది. జమున నన్ను గూట్లోంచి తీసి, రెండు చేతులతో ఏటవాలుగా పట్టుకుని, నా లోపలి నల్లపుల్ల జారేదాకా నిలబడి చూస్తోంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఈ పని జరుగుతుంది. వాన పడినా, ఊళ్లో పెళ్లయినా, ఎవరైనా పోయినా జరుగుతుంది. తొందరున్నవాళ్లయితే నన్ను గోటితో కొడతారు. జమున కొట్టదు. పుల్ల ఎప్పుడు జారితే అప్పుడే జారనిస్తుంది.

నా ఒంట్లో ఉన్నది సారా. అయినా నేను ఎన్నడూ తూలలేదు. తూలేవాళ్లను మాత్రం ఈ రోడ్డు మీద చాలామందిని చూశాను. ఆ సారాలో వెంట్రుకకన్నా కాస్త లావైన నల్లపుల్ల ఒకటి మునిగి ఉంటుంది. రాత్రి చలి ముదిరేకొద్దీ సారా కుంచించుకుపోతూ ఆ పుల్లను బుడ్డి వైపు లాక్కుపోతుంది. తెల్లవారి వేడెక్కాక సారా తిరిగి సాగుతుంది గానీ పుల్లను వెంట తీసుకురాదు. అది ఉన్నచోటే ఉండిపోతుంది. బుడ్డికి దూరంగా ఉన్న దాని కొస ఏ గీత మీదుంటే, రాత్రి చలి అంతవరకు దిగిందని లెక్క. బుడ్డికి దగ్గరగా ఉన్న కొసకు ఏ అర్థమూ లేదు. పుల్ల అన్నాక రెండో కొస ఉండక తప్పదు కాబట్టి ఉంది, అంతే. నా పుల్ల పొడవు నాలుగు గీతలు, అంటే నాలుగు డిగ్రీలు. ఈ కొండ మీది మనుషుల బతుకులు ఆ నాలుగు గీతల మధ్య ఎలా ఇరుక్కున్నాయో చెబుతాను.

నేను పుట్టింది ఉత్తరాదిన, గాజు కొలుముల వీధిలో. నా మీద గీతలు గీసిన ముసలాయన నన్ను ఐసుముక్కల తొట్లో ముంచి, సారా ఆగినచోట సున్నా గుర్తు పెట్టాడు. నేను సున్నా చూసింది ఆ ఒక్కరోజే. ఆ తరువాత నన్ను ఎండుగడ్డిలో చుట్టి రైలెక్కించారు. రైలు దిగాక జీపెక్కించారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో నాతోపాటు వచ్చిన పాదరసం పుల్ల మూడుసార్లు నా మీద పడింది. అది ఇప్పుడున్న చలిని చెబుతుంది, నేను గడిచిన రాత్రి చలిని చెబుతాను. అప్పటినుంచి మేమిద్దరం ఒకే గూట్లో ఉంటున్నాం.

గూడు అంటే తెల్లరంగు వేసిన చెక్కపెట్టె. నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. గాలి ఆడటానికి చుట్టూ ఏటవాలు రెక్కలు. ఎండ పడకూడదు కాబట్టి తలుపు ఎప్పుడూ ఉత్తరానికే. తలుపు తీసి చూసేవాళ్లకు నా బుడ్డి తూర్పున, ఎడమచేతి వైపు ఉంటుంది. రెక్కల సందుల్లోంచి నాకు లోకం చీలికలు చీలికలుగా కనబడుతుంది. మనిషి కాళ్లు ఒక చీలికలో, నడుము ఒక చీలికలో, ముఖం ఒక చీలికలో. అందుకే కాబోలు, నాకు మనుషుల గురించి ఎప్పుడూ కుతూహలమే. మూడు చీలికలూ ఒకే మాట చెప్పడం అరుదు.

ఆ రోజుల్లో పనసగరువులో కాఫీ, మిరియాల ప్రయోగతోట ఒకటి ఉండేది. దాని పర్యవేక్షకుడు అప్పలనర్సయ్య. కాపలాదారు వంతల బొంజుబాబు, జమున తండ్రి, ఐదో తరగతి దాకా చదివినవాడు. తోట ఎత్తేసి అప్పలనర్సయ్య కొండ దిగిపోయే ముందురోజు బొంజుబాబును గూటి దగ్గరికి పిలిచాడు. అప్పటికి గూడు కాపలావాళ్ల ఇంటికి తూర్పున, మట్టిరోడ్డు పక్కన ఉండేది.

"బొంజుబాబూ, పుల్లకి రెండు కొసలుంటాయి. ఇంటివైపు కొస చూసి రాయి. రెండో కొస జోలికి పోకు. గుర్తుంటాదా?"

"ఇంటివైపు కొస. ఎందుకుండదు బాబూ, రోజూ ఎల్లే ఇల్లే గదా" అన్నాడు బొంజుబాబు.

ఇల్లు పడమరన ఉంది. నా పుల్లకు సరైన కొస కూడా పడమటి కొసే. చెప్పినవాడు తప్పు చెప్పలేదు, విన్నవాడు తప్పు వినలేదు. తరువాత ఎనిమిదేళ్లపాటు బొంజుబాబు ఒక్కరోజు మానకుండా నన్ను చదివాడు. చెప్పులు విడిచి మరీ తలుపు తీసేవాడు. అంకెను నోటుపుస్తకంలో రాసి, ఆపైన రోడ్డు పక్కనున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో వేసేవాడు. రాజ్మా వేసుకున్నవాళ్లు, అల్లం వేసుకున్నవాళ్లు అటుగా పోతూ ఆ అంకె చూసుకుని పోయేవారు. నోటుపుస్తకాలను మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనా రాయడం మానలేదు.

అప్పుడు తారురోడ్డు వచ్చింది. టేపులు పట్టుకున్నవాళ్లు కొలిచి, మా గూడు రోడ్డులోకి వస్తుందన్నారు. పొక్లెయిన్ డ్రైవరు మంచివాడు. గూటిని పసిబిడ్డలా ఎత్తించి, ఇంటికి అవతలి పక్కన, పడమటి పెరట్లో పెట్టించాడు. తలుపు ఉత్తరానికే పెట్టాడు, నా బుడ్డిని తూర్పుకే ఉంచాడు. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఒక్క ఇల్లు మాత్రం నాకిప్పుడు తూర్పున ఉంది.

మర్నాడు ఉదయం బొంజుబాబు చెప్పులు విడిచి, తలుపు తీసి, ఒకసారి తల తిప్పి ఇంటిని చూసుకుని, ఇంటివైపు కొస చదివాడు.

గాజుకు గొంతు ఉండదు. నేను పదకొండు చెబుతున్నాను, ఆయన ఏడు రాసుకుంటున్నాడు. రాశాక భుజాలు దగ్గరికి ముడుచుకుని లోపలికి వెళ్లి రెండో దుప్పటి కప్పుకొచ్చాడు. మనుషులకు ఒంటికన్నా అంకెకే ముందు చలేస్తుందని ఆ రోజు తెలుసుకున్నాను.

మూడో శీతాకాలంలో ఒక తెల్లవారుజామున చలి నాలుగుదాకా దిగింది. బల్ల మీద సున్నా పడింది. ఎవరో ఫోటో తీశారు, ఎవరో పత్రికలో వేశారు. ఆపై ఆదివారానికి కొత్త రోడ్డు నిండా కార్లు. కోతిటోపీలు పెట్టుకున్నవాళ్లు దిగి, "సున్నా ఎక్కడ పడుతుందండీ? ఈ రాయి మీదా, ఆ గడ్డి మీదా?" అని అడిగేవారు. బొంజుబాబు చెప్పులు విడవడం చూసి ఒకామె నా గూటికి దణ్ణం పెట్టి అగరొత్తి వెలిగించింది. ఆ వేడికి పాదరసం పుల్ల రెండు గీతలు ఎగబాకింది.

ఆ సందడి చూసి బొంజుబాబు బావమరిది భార్య పాంగి కాసులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది: "అన్నా, సున్నా అంటే ఏటీ లేనట్టే గదా? ఏటీ లేన్దాన్ని సూడ్డానికి ఇంతమందేటి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు పైల ఈశ్వర్రావు. నర్సీపట్నం నుంచి వచ్చి ముందు టీకొట్టు పెట్టాడు, తరువాత బొంగు చికెన్ పెట్టాడు, ఆపైన ఇరవై గుడారాలు వేసి 'జీరో వ్యాలీ' అని బోర్డు కట్టాడు. మాటకారి, కష్టపడేవాడు, చెడ్డవాడని నేను అనలేను. బొంజుబాబుకు శాలువా కప్పించింది అతనే. అప్పటినుంచి ఆయన 'సున్నా బొంజుబాబు' అయ్యాడు. ఆ పేరు వినబడితే ఆయన నడక మారేది. ముప్పై ఏళ్లు కాపలా కాసిన మనిషిని అంతవరకు ఎవరూ ఏ పేరుతోనూ గొప్పగా పిలిచింది లేదు.

అయితే సున్నా గుడారాలతో ఆగలేదు. నాలుగు డిగ్రీల చలిని కాఫీ మొక్క తట్టుకుంటుంది, సున్నాకు మాడిపోతుంది. కొండకు అవతలి వాలులో కాఫీ వేసినవాళ్లు సిల్వర్ఓక్ నీడన నాలుగు గింజలు ఏరుకుంటూ ఉంటే, ఇవతల పనసగరువులో ఒకరి తరువాత ఒకరు, "సున్నా పడే నేల, ఇక్కడ కాఫీ బతకదు" అనుకుని వాలులను గుడారాలకు ఇచ్చేశారు. ఇచ్చిన తమ నేలలోనే చీపురు పట్టుకుని ఊడ్చే పనికి కుదిరారు. ఇదంతా ఎవరి కుట్రా కాదు. రోడ్డు వచ్చింది, ఇల్లు తూర్పయింది, నా లోపలి నాలుగు గీతలు పోయి బయట లోయంతా పరుచుకున్నాయి.

నెల కిందట బొంజుబాబు కంటికి ఆపరేషన్ అయింది. పాడేరులో డిగ్రీ పూర్తిచేసి వచ్చిన జమునకు నా పని అప్పగించాడు. తనకు చెప్పినట్టే చెప్పాడు: "అమ్మీ, ఇంటివైపు కొస. మర్సిపోకు."

జమున మాట్లాడేది తక్కువ. బళ్లో టీచరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని రకం. కానీ చూపు మాత్రం వదలదు. మొదటి వారం తండ్రి చెప్పినట్టే చదివింది. రెండో వారంలో ఒకరోజు, నన్ను ఏటవాలుగా పట్టి పుల్లను జార్చి గూట్లో పెట్టాక, తలుపు మూయబోయి ఆగిపోయింది. పుల్లను జార్చాక నేను కూడా ఇప్పుడున్న చలినే చెప్పాలి కదా. పక్కనున్న పాదరసం పుల్ల పద్నాలుగు అంటోంది. నా పుల్ల పడమటి కొస పద్నాలుగు మీద ఉంది. ఇంటివైపు కొస పది మీద ఉంది.

ఆమె ఊపిరి తగలకుండా నోటికి పైట అడ్డం పెట్టుకుని మళ్లీ చూసింది. మర్నాడు చూసింది. ఆపైన పదకొండు రోజులు చూసింది. నోటుపుస్తకం వెనక పేజీలో రెండు కొసల అంకెలూ పక్కపక్కన రాసుకుంది. రోజూ నాలుగే తేడా. బల్ల మీద మాత్రం తండ్రి చెప్పిన అంకే వేస్తూ వచ్చింది.

నిన్న కాసులమ్మ వచ్చింది. ఆమె గొంది, అంటే రెండు వాలుల మధ్య పల్లపు నేల, రోడ్డుకు అవతల ఉంది. పెరట్లో ఎండలో కూర్చున్న బొంజుబాబు ముందు, నా గూటికి పది అడుగుల దూరంలో, చతికిలబడింది.

"అన్నా, కాఫీ మొక్కలిచ్చేవోలు ఎల్లుండొస్తారంట. గోతులు తవ్వినోలకే పేరు రాస్తారంట. ఇటు ఈశ్వర్రావేమో నీ గొంది నాకిచ్చీ, సంతకం ఎట్టీ అంటన్నాడు. అది నా పెనిమిటి కొట్టిన నేల. నీకు తెలీనిదేటుంది, ఇద్దరూ కలిసే గదా కంపలు నరికేరు. నువ్వొక్క మాట సెప్పు. నా గొందిలో కాఫీ బతుకుతాదా?"

బొంజుబాబు అబద్ధం ఆడటం రాని మనిషి. అందుకే ఆయన మాట అంటే ఊరికి గురి.

"సున్నా పడతాది సెల్లీ. నీ గొంది ఇంకా పల్లంల ఉంది. మొక్క మాడిపోద్ది. తవ్వి తవ్వి నీ నడుం ఇరగ్గొట్టుకోటమే."

"అయితే సంతకం ఎట్టీమంటావా?"

"నాను ఎట్టమన్ను, మానమన్ను. సున్నా సంగతి సెప్పినాను."

"నువ్వు సెప్పాక ఇంకేటుంది" అంటూ లేచింది కాసులమ్మ. పక్కనే గిన్నె తోముతున్న జమున తల మీద చెయ్యి వేసి, "నీకేటే, పెళ్లయి అల్లుడొస్తే నా గొంది గుడారంలో దింపుతాన్లే. నానే ఊడుస్తాను, శుభ్రంగుంటాది" అని నవ్వింది. ఆ నవ్వుకు జమున తల ఎత్తలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

ఈ రోజు ఉదయం జమున నన్ను చదవడానికి ఒక్కతీ రాలేదు.

"నాన్నా, ఒక్కసారి ఇలా రా."

బొంజుబాబు నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, అలవాటుగా చెప్పులు విడిచాడు. ఆపరేషన్ అయ్యాక నన్ను చూడటం ఆయనకిదే మొదలు. జమున తలుపు తీసింది. నన్ను పైకి తీసి, ఏటవాలుగా పట్టి, పుల్ల జారేదాకా నిలబడి, తిరిగి పెట్టింది. మీతో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు నేను ఆమె చేతుల్లో ఉన్నది ఇందుకే.

"ఇప్పుడెంత సలుంది నాన్నా? పాదరసందాన్ని సూసి సెప్పు."

"తొమ్మిది."

"సలిపుల్ల?"

ఆయన ఇంటివైపు కొస చూశాడు. "అయిదు." రెండు పుల్లలనూ మార్చి మార్చి చూసి, "ఒక్క గూట్లో రెండు సలులేటే?" అన్నాడు.

జమున నోటుపుస్తకం వెనక పేజీ తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన వేలు ఒక్కో అంకె మీదా పెట్టుకుంటూ కిందిదాకా పోయాడు. నాలుగు, నాలుగు, నాలుగు.

"అప్పలనర్సయ్య బాబు తప్పు సెప్పడే" అన్నాడు. "నాను తప్పినానా? ఒక్కరోజు గూడా మానలేదే!"

"ఆ బాబు నీకు సెప్పినప్పుడు ఇల్లు ఏ పక్కనుండేది నాన్నా?"

బొంజుబాబు తల తిప్పాడు. ముందు ఇంటిని చూశాడు. ఆపైన ఇంటిని దాటి అవతల రోడ్డును, గూడు ఒకప్పుడు నిలబడిన చోటును చూశాడు. అక్కడ ఇప్పుడు నల్లటి తారు మీద ఎవరిదో కారు ఆగి ఉంది. పిల్లలు కిటికీలోంచి చేతులు బయటపెట్టి నోటి ఆవిరి ఊదుకుంటున్నారు. ఆయన చెయ్యి ఎత్తి వేలితో పడమర చూపించి, తూర్పు చూపించి, మళ్లీ పడమర చూపించి, ఆ చెయ్యిని అలాగే గాల్లో ఉంచేశాడు.

నేను మనుషుల ముఖాలను చీలికల్లోనే చూస్తానని చెప్పాను కదా. తలుపు తీసి ఉంది కాబట్టి ఈసారి ముఖం మొత్తం కనబడింది. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. ఎవరో తన చిన్నప్పటి ఇంటి దారి అడిగితే చెప్పలేకపోయినవాడిలా ఉన్నాడు. నెమ్మదిగా నోటుపుస్తకం కూతురికిచ్చి, చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

అప్పుడే ఈశ్వర్రావు వచ్చాడు. వెనక రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు పర్యాటకులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

"చెల్లెమ్మా, రాత్రి చలి ఎంత? గుడారాల్లో వాళ్లంతా వణికి చచ్చారు. సున్నాయేనా?"

"నాలుగు" అంది జమున. పుల్లను జార్చకముందే రాసుకున్న అంకె అది, పడమటి కొసది.

"నాలుగా?" ఈశ్వర్రావు నవ్వేశాడు. "నాలుగుకి ఎవడొస్తాడు చెల్లెమ్మా? నాలుగు మా నర్సీపట్నంలో ఫ్రిజ్‌లో ఉంటది. బాబాయ్ ఎక్కడ? బాబాయ్ కళ్లు బాగయినాయి గదా, ఆయన్నే చదవమను."

"నాన్న సూసేరు."

"చూసి?"

జమున నల్లబల్ల దగ్గరికి నడిచింది. బల్ల రోడ్డు పక్కనే ఉంది, ఇంటి పక్క సందులోంచి నాకు కనబడుతుంది. నిన్నటి అంకెను తడిగుడ్డతో తుడిచింది. సుద్దముక్క పట్టుకుని నిలబడింది. ఈశ్వర్రావు వెనకే వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"ఒక్క మాట విను. నువ్వు ఈ రోజు నాలుగు రాస్తే, నిన్నటిదాకా రాసింది ఏంటని అడుగుతారు. మీ నాన్నను అడుగుతారు. సున్నా బొంజుబాబు అని శాలువా కప్పినవాళ్లే అడుగుతారు. ఆ ముసలాయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? నా గుడారాల సంగతి వదిలెయ్. నీ తండ్రి పేరు నీకు బరువా?"

సుద్దముక్క బల్లకు తాకి ఆగింది. ఆ పిల్ల ఇన్నాళ్లూ బల్ల మీద తండ్రి అంకే వేసింది ఈ మాటకే. ఈ మాట బయట ఎవరూ అనకముందే లోపల తనే తనతో పదకొండు రోజులు అనుకుంది. ఆమె తల తిప్పి ఇంటి గుమ్మం వైపు చూసింది. నేనూ చూశాను.

తెరిచిన పెరటి తలుపులోంచి నాకూ బొంజుబాబు కనబడుతున్నాడు. అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు, తాగడం లేదు. బయటి మాటలు ఆయనకు వినబడే దూరమే. ఈశ్వర్రావు కూడా ఆ చూపు పట్టుకుని గొంతు పెంచాడు.

"బాబాయ్! ఏమంటావ్? నువ్వొక్క మాట చెప్పు, చాలు. నీ మాటే మాకు వేదం!"

లోపల గిన్నె పక్కకు జరిగిన చప్పుడు వినబడింది. బొంజుబాబు లేచాడు. గోడవారగా ఆనించి ఉన్న గునపం తీసుకుని భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటాడు. నా గూటి వైపు చూడలేదు. నల్లబల్ల దగ్గర కూతురు పక్కనుంచి, ఈశ్వర్రావు ముందునుంచి, ఫోన్లు పట్టుకున్నవాళ్ల మధ్యనుంచి ఉత్త కాళ్లతో నడిచి, రోడ్డు దాటి, కాసులమ్మ గొందికి దిగే కాలిబాట పట్టాడు.

జమున బల్ల మీద నాలుగు వేసింది.